కాలువ గట్టున ఒక క్లూ

న్యూజెర్సీలో మన తెలుగువాళ్లు ఎక్కువగా కాపురముండే ప్లెయిన్స్‌బరో, వెస్ట్ విండ్సర్, ఫ్రాంక్లిన్ లాంటి ఊళ్లను ఆనుకుని ఒక పాత కాలువ పోతుంది. దాని పేరు డెలావేర్ అండ్ రారిటన్ కాలువ. వేసవి సాయంత్రాల్లో ఆ గట్టు మీద తెలుగు మాటలు వినిపిస్తుంటాయి. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వెళదామని వచ్చిన అమ్మానాన్నలు మోకాళ్ల నొప్పుల గురించీ, మనవడి స్కూలు గురించీ, ఊళ్లో తాళం వేసి వచ్చిన ఇంటి గురించీ మాట్లాడుకుంటూ నడుస్తుంటారు. వాళ్లు రోజూ దాటిపోయే దారి పక్కన ఏ రాళ్ల సందులోనో, ఏ చెట్టు వేళ్ల మధ్యనో మూత బిగించిన చిన్న డబ్బా ఒకటి దాగి ఉండవచ్చు. అందులో ఎవరో చేత్తో చెక్కిన రబ్బరు ముద్ర, అరచేతిలో పట్టేంత నోటుపుస్తకం ఉంటాయి. వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం ఎవరో ఓపిగ్గా పెట్టి వెళ్లినవి అవి. ఈ వ్యాపకాన్ని లెటర్‌బాక్సింగ్ అంటారు. ఈ మధ్య కాలంలో నేను చూసిన వ్యాపకాల్లో నా మనసుకు బాగా పట్టినది ఇదే.

పద్ధతి సులువు. డబ్బా పెట్టినవాళ్లు అది ఎక్కడుందో నేరుగా చెప్పరు. అక్కడికి చేరే దారిని మాటల్లో రాసి పెడతారు. ఫలానా వంతెన దగ్గర మొదలుపెట్టు, నీళ్లు నీ ఎడమచేతి వైపు ఉండాలి, రెండు మానులు కలిసిపోయిన చెట్టు వచ్చేదాకా నడువు, అక్కడ దిక్సూచి చూసుకుని ఆగ్నేయానికి తిరుగు, ఇన్ని అడుగులు వెయ్యి, పడిపోయిన దుంగ కింద చూడు. కొందరు ఇంత సూటిగా రాయరు. పొడుపుకథలాగా చుట్టూ తిప్పి చెబుతారు. ఆ ఊరి చరిత్ర తెలిస్తే తప్ప విడనివి కొన్ని, కాలువ పక్క సమాచార ఫలకాలన్నీ ఓపిగ్గా చదివితేనే తేలేవి కొన్ని. డబ్బా దొరికాక అందులోని ముద్రను మన పుస్తకంలో వేసుకోవాలి. మన ముద్రను దాని పుస్తకంలో వేసి, తేదీ రాసి, తోస్తే ఒక మాట రాయాలి. వెతికే ప్రతివాళ్లకూ సొంత ముద్ర ఉంటుంది, దారిలో చెప్పుకోవడానికి ఒక ముద్దుపేరు ఉంటుంది. అసలు పేరు రాయాలనే నియమం లేదు. అంతా అయ్యాక మూత బిగించి, ఎలా ఉన్నదాన్ని అలాగే, ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే పెట్టి రావాలి. డబ్బాలోంచి ఏదీ తెచ్చుకోకూడదు. వెళ్లినట్టు గుర్తుగా మన చేతిలో మిగిలేది కాగితం మీది ముద్ర మాత్రమే.

ఇది పుట్టింది అమెరికాలో కాదు. ఇంగ్లండ్‌లో డెవన్ జిల్లాలో డార్ట్‌మూర్ అనే విశాలమైన బీడు ఉంది. గాలి, పొగమంచు, కాలు దిగబడే తడినేల, అక్కడక్కడ కొండల మీద నల్లరాతి గుట్టలు. షెర్లాక్ హోమ్స్ నవలల్లో బాస్కర్‌విల్ వేటకుక్క కథ చదివినవాళ్లకు ఆ చోటు గుర్తుండే ఉంటుంది. 1854లో చాగ్‌ఫర్డ్ ఊరికి చెందిన జేమ్స్ పెరట్ అనే గైడు, ఆ బీడు నడుమ క్రాన్‌మియర్ పూల్ అనే మారుమూల చోట ఒక సీసా పెట్టాడు. అప్పట్లో అక్కడికి చేరడమంటే రోజంతా కష్టపడి నడవడమే. అతను వెంటబెట్టుకుని వచ్చిన పెద్దమనుషులు అంతదూరం వచ్చినందుకు తమ పేరున్న చీటీ ఆ సీసాలో వేసి వెళ్లేవారు. తరవాత తరవాత సీసా స్థానంలో డబ్బా వచ్చింది, పుస్తకం వచ్చింది, 1907 నాటికి రబ్బరు ముద్ర కూడా చేరింది. మధ్యలో ఒక చక్కని ఆచారం నడిచింది. వచ్చినవాళ్లు తమ చిరునామాయే రాసుకున్న పోస్టుకార్డు ఒకటి డబ్బాలో వదిలి వెళ్లేవాళ్లు. ఆ తరవాత ఎవరు వస్తే వాళ్లు ఆ కార్డు తీసుకెళ్లి ఊళ్లో పోస్టు చేసేవాళ్లు. ఆ కార్డు ఎన్నాళ్లకు ఇల్లు చేరిందో చూస్తే, తమ వెనక ఆ బీడులోకి మరో మనిషి ఎన్నాళ్లకు వచ్చాడో తెలిసిపోయేది. ఉత్తరాల డబ్బా అనే పేరు దానికి అలా సార్థకమైంది.

చాలాకాలం అది కొద్దిమంది సంగతిగానే ఉండిపోయింది. 1970ల నుంచి డార్ట్‌మూర్‌లో డబ్బాలు పెరుగుతూ వచ్చి వేలకు చేరాయి. కనీసం నూరు డబ్బాలు చూసినవాళ్లకు నూరు క్లబ్బు అని ఒకటి వెలిసింది. 1998 ఏప్రిల్‌లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ పత్రిక దీని మీద ఒక వ్యాసం వేసింది. అది చదివి ముచ్చటపడ్డవాళ్లు తమ ఊరి అడవుల్లో, కాలువ గట్ల మీద, పాత రైలు దారుల వెంట డబ్బాలు పెట్టడం మొదలుపెట్టారు. కనెటికట్ రాష్ట్రమైతే తన అడవుల శాఖ చేతనే ప్రభుత్వ అడవుల్లో డబ్బాలు పెట్టించింది. ప్రజలను అడవిలోకి రప్పించడానికి ఒక ప్రభుత్వం పొడుపుకథ రాయించడం నాకు ఎంతో ముచ్చటగా అనిపించింది.

మళ్లీ మన కాలువ దగ్గరకు వద్దాం. డెలావేర్ నది మీది బోర్డెన్‌టౌన్ నుంచి రారిటన్ నది మీది న్యూ బ్రన్స్‌విక్ దాకా అసలు కాలువ 44 మైళ్లు. దానికి నీళ్లు తెచ్చే పిల్లకాలువ మరో 22 మైళ్లు. 1830లో అనుమతి వచ్చింది, 1834లో పడవలు నడిచాయి. ఫిలడెల్ఫియా నుంచి న్యూయార్క్ పోవాలంటే న్యూజెర్సీ తీరమంతా చుట్టి సముద్రం మీద వెళ్లే బాధ తప్పించడానికి తవ్వారు. పెన్సిల్వేనియా గనుల బొగ్గు దీని మీదుగానే న్యూయార్క్ పొయ్యిల్లోకి చేరింది. 1871లో ఒక్క ఏడాదిలో 30 లక్షల టన్నులకు దగ్గరగా సరుకు దీని మీద నడిచింది. మొదట్లో కంచరగాడిదలు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవలను లాగేవి. తరవాత ఆవిరి పడవలు వచ్చాయి. వాటి వెనకే రైలు వచ్చి బేరమంతా పట్టుకుపోయింది. 1932తో పడవలు ఆగిపోయాయి. కాలువను పూడ్చకుండా రాష్ట్రం చేతిలోకి తీసుకుని మంచినీటికి వాడుకున్నారు. ఇవాళ పది లక్షల మందికి పైగా ఆ నీళ్లు తాగుతున్నారు. 1974లో దాన్ని పార్కు చేశారు. కంచరగాడిదలు నడిచిన గట్టే ఇప్పుడు మనుషులు నడిచే బాట.

కింగ్‌స్టన్ దగ్గర రాతిగోడల లాకు ఒకటి, పక్కనే లాకు కాపరి ఇల్లు ఉన్నాయి. గోదావరి డెల్టా నుంచి వచ్చినవాళ్లకు అక్కడ ఏం జరిగేదో ఎవరూ వివరించనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గరా విజ్జేశ్వరం దగ్గరా లాకులు చూసి పెరిగినవాళ్లు వాళ్లు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూస్తారు, ముందు తలుపు కిటికీలు తెరిచి నీళ్లు వదులుతారు, నీళ్లతోపాటు పడవ పైకి లేస్తుంది, అప్పుడు ముందు తలుపు తీస్తారు. అమెరికాలో పుట్టిన మనవలకు ఈ సంగతి తాతగారే చేతులు తిప్పి చెప్పడం నేను ఆ లాకు దగ్గర విన్నాను. పక్కనున్న సమాచార ఫలకం కంటే ఆయన వివరణే బాగుంది.

క్లూలు రాసేవాళ్లకు ఇంతకంటే వీలైన చోటు దొరకదు. కాలువ దారి తప్పనివ్వదు. ఒక చేతివైపు నీళ్లుంటే రెండోవైపు అడవి ఉంటుంది, చాలాచోట్ల రెండువైపులా నీళ్లే. ప్రిన్స్‌టన్ నుంచి కింగ్‌స్టన్ దాకా గట్టుకు ఒకవైపు కాలువ, మరోవైపు కార్నెగీ సరస్సు. వంతెనలు, లాకులు, తూములు, వంతెన కాపరుల ఇళ్లు వరసగా వస్తుంటాయి. పైగా పాత కాలువ కంపెనీ వేయించిన మైలురాళ్ల పద్ధతి ఒకటుంది. రాయికి ఒకవైపు ఒక కొసకు ఎంత దూరమో, రెండోవైపు రెండో కొసకు ఎంత దూరమో రాసి ఉంటుంది. ఒక వైపు 27 ఉంటే రెండోవైపు 17. ఏ రాయి దగ్గర కూడినా 44 రావాలి. ఈ సంగతి పసిగట్టినవాడికి చెరిగిపోయిన అంకె కూడా చదవడానికి వస్తుంది. క్లూ రాసేవాళ్లు దీన్ని ఊరికే పోనిస్తారా? రెండు అంకెలను కూడమంటారు, పెద్దదానిలోంచి చిన్నదాన్ని తీసెయ్యమంటారు, వచ్చినన్ని అడుగులు వెయ్యమంటారు. బొగ్గు పడవలవాళ్లకు పనికొచ్చిన దూరాలు ఇప్పుడు పదేళ్ల పిల్ల వేళ్ల మీద తీసివేత చేయడానికి పనికొస్తున్నాయి.

పదేళ్ల పిల్ల అన్నది ఊహ కాదు. మా మేనకోడలి కూతురు. ఆకులు రంగు తిరిగే రోజుల్లో ఒక ఉదయం దాని వెంట నేనూ ఆ గట్టు మీద నడిచాను. ఏ వంతెన దగ్గర మొదలుపెట్టామో రాయను. చోటు బయటపెట్టకపోవడం ఈ ఆటలో మర్యాద. క్లూ కాగితం దాని చేతిలో ఉంది. అది ఒక్కో వాక్యం గట్టిగా చదువుతుంది, ఆగుతుంది, తలెత్తి చూస్తుంది. మామూలుగా నడకకు తీసుకెళితే ఇంకెంత దూరం అని పదిసార్లు అడిగే పిల్ల, ఆ రోజు ఒక్కసారీ అడగలేదు. నీళ్లలో తేలే దుంగ మీద తాబేళ్లు ఎండకు వరసగా కూర్చుని ఉంటాయని క్లూలో ఉంది, వాటి ఎదుట గట్టు మీద ఆగమని ఉంది. మేం వెళ్లేసరికి తాబేళ్లు లేవు, చలికి లోపలికి పోయినట్టున్నాయి. కానీ దుంగ ఉంది. నీటిమట్టానికి పైన దాని నున్నటి వీపు ఎండిపోయి తెల్లగా ఉంది. రోజూ వాటి గోళ్లు పాకిన చోట చిన్న చిన్న గీతలున్నాయి. తాబేళ్లు లేకపోయినా అవి కూర్చునే చోటును పిల్ల గుర్తుపట్టింది.

తరవాత మూడు మానులుగా చీలిన సైకమోర్ చెట్టు రావాలి. సైకమోర్ మాను కింద గోధుమరంగు బెరడుతో ఉండి, పైకి పోయేకొద్దీ బెరడు పొరలుగా రాలిపోయి సున్నం వేసినట్టు తెల్లగా కనిపిస్తుంది. దూరం నుంచే, "తాతయ్యా, అదుగో అన్నదమ్ముల చెట్టు" అని పరిగెత్తింది. క్లూ రాసినవాళ్లు ఆ చెట్టును ముగ్గురు అన్నదమ్ములన్నారు. అక్కడి నుంచి అడుగుల లెక్క. దాని అడుగులు వేస్తే గట్టు వాలులోనే తేలాం, అక్కడ ముళ్లకంప తప్ప ఏమీ లేదు. "రాసినవాళ్లు పెద్దవాళ్లు కదా తాతయ్యా, నువ్వెయ్యి" అంది. మళ్లీ చెట్టు దగ్గరకు వెళ్లి నేను వేశాను. పాత రాతి తూము పైగోడ దగ్గర ఆగాం. ఇద్దరు సైకిళ్ల మీద వస్తుంటే అది కూర్చుని షూ లేసు విప్పి మళ్లీ కట్టుకుంది. వాళ్లు దాటిపోయాకే చిన్న కర్రతో రాళ్ల మధ్య ఆకులు తోసింది. చెయ్యి నేరుగా పెట్టకూడదని, లోపల ఏ పురుగు ఉంటుందో తెలియదని దానికి వాళ్లమ్మ నేర్పింది.

డబ్బా మామూలు వంటింటి ప్లాస్టిక్ డబ్బాయే. పైన ఆకుపచ్చ, గోధుమ రంగుల టేపు చుట్టి ఉంది. లోపల జిప్ సంచీ, దాని లోపల మరో సంచీ. పుస్తకానికి చెమ్మ తగలకూడదని అంత జాగ్రత్త. ముద్ర చూస్తే నోట మాట రాలేదు. మనం స్కూల్లో పెన్సిలు చెరుపుకునేలాంటి రబ్బరు మీద ఒంటికాలి కొంగను చెక్కారు. మెడ వంపు, ముక్కు మొన, కాలి కింద నీటి అలలు రెండే గీతల్లో ఉన్నాయి. వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటే ఉలి జారిన చోటు కూడా కనిపించింది, తోక దగ్గర ఒక ఈక ఎక్కువ తెగింది. ఆ తెగుడు ప్రతి పుస్తకంలోనూ ముద్రతోపాటు పడుతుంది. మా పిల్ల దానికి ఇంకు అద్ది, తన పుస్తకంలో మెల్లగా ఒత్తి, ఊపిరి బిగబట్టి తీసింది. కొంగ వచ్చింది.

డబ్బా పుస్తకంలో ఎవరెవరి ముద్రలో ఉన్నాయి. టీ కప్పు, సైకిలు చక్రం, మేపుల్ ఆకు, కుక్కపిల్ల పాదం. ఒకరు వానలో వచ్చామని రాశారు, అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. ఒకరు సంచీ చిరిగితే కొత్తది పెట్టామని రాశారు. మా పిల్ల తన ముద్ర తీసింది. చీర అంచు మీది మామిడిపిందె, దాని పొట్టలో తన పేరులోని తెలుగు అక్షరం. అక్షరాన్ని తిరగేసి చెక్కితే తప్ప ముద్ర సరిగా పడదని తెలుసుకోవడానికి ముందు రెండు రబ్బర్లు పాడుచేసిందట. తరవాత అద్దంలో చూసి గీసుకుని చెక్కింది. తెలుగు రాయడం ఇంకా తడబడుతూనే ఉన్న పిల్ల, ఒక అక్షరాన్ని అటూ ఇటూ తిప్పి దాని ఒళ్లంతా చూసింది. కాలువ గట్టున టీ కప్పుకూ కుక్కపాదానికీ కింద ఆ అక్షరం పడింది.

నాకు ఇందులో అన్నిటికంటే గొప్పగా తోచేది క్లూ రాసిన మనిషి పని. ఒక చోటంటే ఎవరికైనా ప్రేమ కలిగితే ఫొటో తీస్తారు, బాగుందని నలుగురికీ చెబుతారు. ఈ మనిషి అంతకంటే కష్టమైన పని చేశాడు. తనకు ముఖం తెలియని ఎవరో వచ్చి, తాను ఆగిన చోట ఆగి, తాను చూసినదాన్ని చూసేలా మాటలు పేర్చాడు. తన కళ్లను మనకు కాసేపు అరువిచ్చాడు. ఆ తాబేళ్ల దుంగ పక్కనుంచి నేను ఒక్కణ్నే వెళ్లి ఉంటే నాకు అది నీళ్లలో పడిన కొయ్యముక్క. వేరొకరి రాత పట్టుకుని వెళ్లాను కాబట్టి దాని మీది గోళ్ల గీతలు చూశాను. క్లూ మంచిదా కాదా అనడానికి నేను పెట్టుకున్న కొలత ఇదే. ఎంత కష్టంగా ఉందన్నది ముఖ్యం కాదు. డబ్బా దొరకకపోయినా ఆ దారి మనకు మిగిలిందా లేదా అన్నదే ముఖ్యం. చిక్కుముడి వేయడమే గొప్పనుకుని, పరిసరాలతో సంబంధం లేని లెక్కలతో తల బరువెక్కించే క్లూలు కొన్ని ఉన్నాయి. అవి గదిలో కూర్చుని విప్పవచ్చు. దానికోసం గట్టు దాకా రానక్కర్లేదు.

ఈ ఆటను పోలినది మరొకటి ఉంది. 2000 మే నెలలో, అమెరికా ప్రభుత్వం ఉపగ్రహ సంకేతాలను అందరికీ కచ్చితంగా అందేలా తెరిచిన మర్నాడే, ఆరెగన్‌లో ఒకాయన అడవిలో బకెట్టు దాచి దాని అక్షాంశ రేఖాంశాలు ప్రకటించాడు. అలా జియోక్యాషింగ్ పుట్టింది. ఇవాళ దాన్ని ఆడేవాళ్లే ఎక్కువ. అదీ మంచి వ్యాపకమే, ఎందరినో ఇల్లు కదిలించింది. కానీ రెండిటి నడకలూ వేరు. జియోక్యాషింగ్‌లో చేతిలోని తెర మీద చుక్క దగ్గరవుతుంటే చూపు దాన్ని వదిలి రాదు. క్లూ కాగితంలో చుక్క ఉండదు. తెల్లచెట్టు అని ఉంటే చెట్లన్నిటినీ చూడాలి. పాత తూము అని ఉంటే తూమంటే ఏమిటో తెలుసుకోవాలి. పిల్లలకు దారి చూపే యంత్రాలు ఇంట్లో, కారులో, జేబులో ఉన్న కాలంలో, ఆగ్నేయమెటో పిల్లలు తమంతట తాము నిలబడి తేల్చుకోవలసిన సందర్భాలు అరుదైపోయాయి. అందుకే నా ఓటు కాగితానికే.

ఈ ఆట నడిచేది నమ్మకం మీద. డబ్బాకు తాళం లేదు, కాపలా లేదు. ఎవరైనా విసిరేయవచ్చు. అక్కడక్కడ విసిరేసినవాళ్లూ ఉన్నారు. అయినా ఎక్కువమంది ఏం చేస్తున్నారో ఆ పుస్తకమే చెబుతోంది. చిరిగిన సంచీ మారుస్తున్నారు, తడిసిన పేజీల మధ్య పొడికాగితం పెడుతున్నారు, రాయి జరిగితే సర్దుతున్నారు. ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు ఒక రబ్బరుముక్కను ఏళ్ల తరబడి కాపాడుతున్నారు. పొరుగువాడి పేరు తెలియకుండానే ఏళ్లు గడిచిపోయే ఊళ్ల మధ్య ఇది జరుగుతోంది.

ఆ పుస్తకంలో ముద్రల మీద వేలు పెట్టి చూస్తున్నప్పుడు, ఏ ముద్రా వేయకుండా పోయినవాళ్లు నాకు గుర్తొచ్చారు. ఈ కాలువను తవ్వింది ఎక్కువగా ఐర్లండ్ నుంచి బతుకుతెరువుకు వచ్చిన కూలీలు. గునపం, పార, తోపుడుబండి వాళ్ల పనిముట్లు. 1832లో కలరా వచ్చి శిబిరాల్లో ఎందరో చనిపోయారు. చనిపోయినవాళ్లను ఆ కాలువ పక్కనే పూడ్చి, మిగిలినవాళ్లు మళ్లీ పనిలోకి దిగారు. కంపెనీ పెద్దల పేర్లు చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి, ఇంజనీరు కాన్వాస్ వైట్ పేరు ఉంది. గట్టు కట్టిన చేతులు గట్టు లోపలే ఉన్నాయి. ఎండిపోయిన ఆకుల మీద నడుస్తూ ఈ సంగతి మా పిల్లకు చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత, "వాళ్లు ఎక్కడున్నారో క్లూ ఎవరూ రాయలేదా?" అని అడిగింది. రాస్తే బాగుంటుంది. ఆ కూలీల శిబిరాలు, లాకుల దగ్గరి రాతిపని, పడవలు లాగిన కంచరగాడిదల కాపరులు పడుకున్న గ్రిగ్స్‌టౌన్ ఇల్లు, ఇవన్నీ కలిపి దారి రాసేవాళ్లెవరైనా ముందుకొస్తే, ఆ కూలీలు తవ్విన కాలువ నీళ్లు తాగుతున్న ఊళ్లవాళ్లు వాళ్లకు చేసే మంచి గౌరవం అది. మన తెలుగు పిల్లలు ఆ నీళ్లే తాగి పెరుగుతున్నారు. పరాయి దేశం కూలీకి వచ్చి కాలువ తవ్వినవాళ్ల కథ వాళ్లకు ఎందుకు అక్కర్లేదు?

పిల్లల దగ్గరకు వెళ్లే అమ్మానాన్నలకు నాదొక సూచన. అక్కడి రోజులు పొడుగ్గా ఉంటాయి. కొడుకూ కోడలూ ఆఫీసుకు, పిల్లలు స్కూలుకు వెళ్లాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. శని, ఆదివారాల్లో మనవలతో కలిసి చేయడానికి, కారు ఖర్చు తప్ప ఇంకేం అక్కర్లేని పని ఇది. క్లూ ఇంగ్లిషులో ఉంటుంది కాబట్టి చదివిపెట్టేది వాళ్లు. దిక్కులు, చెట్లు, నీటివాలు మనకు తెలుసు కాబట్టి చెప్పేది మనం. ఒకరికి ఒకరు అవసరమయ్యే పని తాతకూ మనవరాలికీ మధ్య ఈ రోజుల్లో సులువుగా దొరకదు. వేసవిలో వెళితే నిండుగా కప్పే ప్యాంటు, సాక్సులు వేసుకోండి. ఆ గడ్డిలో జింకల మీది గోమార్లు మనుషులకు పడతాయి, వాటి వల్ల జబ్బు వస్తుంది. ఇంటికి రాగానే కాళ్లు పరీక్షగా చూసుకోవాలి. మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ తీగను పిల్లలు గుర్తుపడతారు, వాళ్లు చెబితే వినండి.

డబ్బాలకు ఆయుష్షు తక్కువ. మిల్‌స్టోన్ నది ఈ కాలువ పక్కనే పారుతుంది, వరద వస్తే రెండూ ఒకటైపోతాయి. 1999లో ఫ్లాయిడ్ తుపానుకూ 2021 సెప్టెంబరులో ఐడా తుపానుకూ ఆ లోయంతా మునిగింది, బాట కోసుకుపోయింది. అలాంటప్పుడు డబ్బాలు కొట్టుకుపోతాయి. పెట్టినవాళ్లు నీళ్లు తీశాక వచ్చి ఒక్కొక్క చోటూ చూసుకుంటారు. పోయినదాని బదులు కొత్త ముద్ర చెక్కుతారు, లేదా అది ఇక లేదని ప్రకటిస్తారు. డబ్బా మిగిలినా క్లూ మిగలకపోవచ్చు. పడిపోయిన దుంగను ఎవరో తీసేస్తారు, గుర్తు చెప్పిన బెంచీ మారుస్తారు, చెట్టు కూలుతుంది. అప్పుడు వెతికినవాళ్లు పెట్టినవాళ్లకు కబురు పెడతారు, వాళ్లు వాక్యం దిద్దుతారు. ఒకే క్లూ అలా ఏళ్ల మీద పదిమంది చేతుల్లో తయారవుతుంది. మా మేనకోడలు ఈ చలికాలం ఫోను చేసినప్పుడు చెప్పింది, మంచు బరువుకు ఆ సైకమోర్ మానుల్లో ఒకటి విరిగిందట. ముగ్గురు అన్నదమ్ముల కోసం ఇక ఎవరు వెతికినా దొరకరు. పిల్ల వెంటనే డబ్బా పెట్టినవాళ్లకు రాసింది, ఇద్దరు అన్నదమ్ములు, కింద ఒక మొద్దు అని మార్చమని. కొలత మాత్రం ఆ మొద్దు దగ్గర నుంచే, పెద్దవాళ్ల అడుగులతోనే వేయమని కూడా రాసిందట.